ముందు నది, తరువాతే ఊళ్లు: భీమా లోయ ప్రయాణానికి ఒక పద్ధతి

నదీలోయ వెంట సాగే ప్రయాణాన్ని ముందుగా ఎలా ఆలోచించుకోవాలి అన్నది ఈనాటి ప్రసంగ విషయం. లోయ అనగానే రెండు కొండల నడుమ ఇరుకైన పల్లం కళ్లకు కడుతుంది గానీ, ఒక నదీ దాని ఉపనదులూ వేల ఏళ్లుగా నేలను కోసి, ఒండ్రు పరిచి, పంటలకూ ఊళ్లకూ గుళ్లకూ చోటు చేసిన పల్లపు ప్రాంతం మొత్తాన్నీ భూగోళశాస్త్రం నదీలోయ అనే పిలుస్తుంది. ఆ అర్థంలో సోలాపూర్ నగరం భీమానది లోయలోనే ఉంది. నగరపు తూర్పు భాగమైన పూర్వ విభాగ్‌లోని అశోక్ చౌక్, కుచన్ నగర్, దత్తా నగర్, భద్రావతి పేట వంటి నేతవాడల కుళాయిలలో వచ్చే నీటిలో పెద్ద భాగం ఉజనీ జలాశయం నుంచి గొట్టాల ద్వారా గానీ, టాకళి దగ్గర భీమానది నుంచి గానీ తోడి తెచ్చినదే. రోజూ తాగే నీటి నదిని ఆ వాడలలో చాలామంది పండరీపురంలో తప్ప మరెక్కడా చూడలేదు అన్నది విచారించవలసిన సంగతి.

నదీలోయ ప్రయాణాలకు ప్రపంచంలో పేరుపడ్డది యూరప్. అక్కడి రైన్ నది ఆల్ప్స్ పర్వతాలలో పుట్టి ఉత్తర సముద్రం చేరేదాకా సుమారు 1230 కిలోమీటర్లు పారుతుంది. అయితే లక్షలమంది యాత్రికులు చూడబోయేది ఆ 1230 కిలోమీటర్లనూ కాదు. జర్మనీలో బింగెన్ పట్టణానికీ, మోసెల్ నది వచ్చి రైన్‌లో కలిసే కోబ్లెంజ్ నగరానికీ మధ్య ఉన్న సుమారు 65 కిలోమీటర్ల ముక్కను మాత్రమే. కొండవాలున ద్రాక్షతోటలు, శిఖరాల మీద పాతకాలపు కోటలు, రెండు గట్ల వెంబడీ రైలు పట్టాలు ఉన్న ఆ ముక్కను 2002లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఆస్ట్రియాలో డాన్యూబ్ నది సంగతీ ఇంతే. నది మొత్తం పొడవు 2800 కిలోమీటర్లకు పైబడినా, మెల్క్, క్రెమ్స్ పట్టణాల మధ్య నలభై కిలోమీటర్లకు లోపే ఉన్న వాఖావ్ లోయకే జనం వెళతారు. తెలివిగా తిరిగేవారు అక్కడ ఏదో ఒక ఊళ్లో గది తీసుకుని, నది పారే దిక్కుకు పడవ మీద సాగి, సాయంత్రం రైలులో అదే గదికి తిరిగివస్తారు. రోజుకో ఊళ్లో మూటలు విప్పి కట్టే శ్రమ వారికి ఉండదు.

ఈ ప్రసంగం చెప్పదలచిన మాట ఒక్కటే. నదీలోయ ప్రయాణాన్ని ఊళ్ల జాబితాతో మొదలుపెట్టకూడదు, నదితో మొదలుపెట్టాలి. నదిలో ఒక ముక్కను ఎంచుకోవాలి, ఆ ముక్కకు ఒక బస ఊరిని పెట్టుకోవాలి, ఆ తరువాతే చూడవలసిన చోట్లను అందులో అమర్చుకోవాలి. నేతవాడలో ఈ సూత్రానికి వివరణ అవసరం లేదు. చాదర్ అంచున ఎన్ని నెమళ్లు కావాలో, ఎన్ని పువ్వులు కావాలో ముందే అనుకున్నా, పడుగు సరిగా తోడి మగ్గం మీదికి ఎక్కించనిదే పేక పోగు ఒక్కటైనా పడదు. ప్రయాణంలో నదీ, దాని పక్కన సాగే దారీ పడుగు. గుడీ, కోటా, సంగమమూ, పక్షుల మడుగూ పేక. పడుగు లేకుండా పేకను పోగుచేసుకున్నవారి చేతికి చివరికి మిగిలేది దారపు చిక్కే.

సోలాపూర్ కుటుంబాలు ఇప్పుడు చేస్తున్న ప్రయాణాలలో చాలావరకు ఆ చిక్కే కనిపిస్తుంది. పది పన్నెండు మంది కలిసి ఒక బండి మాట్లాడుకుని, తెల్లవారుజామున బయలుదేరి, తుల్జాపూర్, అక్కల్‌కోట, గాణగాపురం, వీలైతే పండరీపురం కూడా ఒక్క రోజులో చుట్టి, అర్ధరాత్రికి ఇల్లు చేరతారు. దర్శనం దొరుకుతుంది, దానిని తక్కువ చేయడం ఈ ప్రసంగం ఉద్దేశం కాదు. కానీ ఆ రోజులో ఎక్కువ భాగం బండిలోనూ వరుసలలోనూ గడిచిపోతుంది, ముసలివారు అలసిపోతారు, పిల్లలకు ఒక ఊరికీ మరో ఊరికీ తేడా తెలియదు. పైగా ఆ ఊళ్లన్నీ ఒకే దిక్కున లేకపోవడం వల్ల ఖర్చులో సింహభాగం డీజిల్‌కే పోతుంది.

నేతవాడలో ఖర్చు లెక్కకు మరో ముఖం ఉంది. మరమగ్గం మీద పనిచేసే కార్మికుడికి కూలి వచ్చేది నేసిన సరుకును బట్టి, బీడీలు చుట్టే ఇల్లాలికి కూలి వచ్చేది చుట్టిన వేయిని బట్టి. ఇంటి నుంచి ఒక రోజు బయట ఉంటే టికెట్టు డబ్బుతో పాటు ఆ రోజు కూలి కూడా పోయినట్టే. అందుకే రెండు రోజులకు మించని ప్రయాణమే ఇక్కడి కుటుంబాలకు నిజమైన ప్రయాణం, వారం రోజుల యాత్రాపథకాలు వీరికి పనికిరావు. పడుగు చుట్టిన ఒక బీము పూర్తయి, మగ్గం మీదికి కొత్త బీము ఎక్కించే నడిమి వ్యవధిలో ప్రయాణాన్ని పెట్టుకోగలిగితే కూలి నష్టం తగ్గుతుంది. ఏడాదికి ఒక్క ముక్క చాలు. ఒకే ఏడాది నది అంతా చూడాలన్న ఆరాటం మానుకుంటే, నాలుగైదేళ్లలో భీమా లోయ మొత్తం ఏ తొందరా లేకుండా పూర్తవుతుంది.

ఇప్పుడు ఆ నది స్వరూపం. భీమానది పుణె జిల్లాలో సహ్యాద్రి కొండల మీద, జ్యోతిర్లింగాలలో ఒకటైన భీమశంకరం దగ్గర పుట్టి, ఆగ్నేయ దిక్కుగా సుమారు 861 కిలోమీటర్లు పారి, రాయచూరుకు ఉత్తరాన కృష్ణానదిలో కలుస్తుంది. సోలాపూర్ జిల్లాలో టెంభుర్ణి సమీపాన దాని మీద కట్టిన ఉజనీ ఆనకట్ట 1980లో పూర్తయింది. దాని వెనుక నిలిచిన నీటిని యశ్వంత్ సాగర్ అంటారు. నిండినప్పుడు అందులో సుమారు 117 టీఎంసీల నీరు ఉంటుంది. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. అందులో సగానికి మించి మృతనిల్వ, అనగా కాలువ తూముల మట్టానికి దిగువన ఉండిపోయే నీరు. వేసవి వార్తలలో ఉజనీ మైనస్‌లోకి వెళ్లిందని విన్నప్పుడు కొందరు జలాశయం ఎండిపోయిందని భయపడతారు. ఆ మాటకు అర్థం వాడుకునే నిల్వ అయిపోయి, మృతనిల్వలోంచి తోడడం మొదలైందని మాత్రమే.

ప్రయాణికులకు ఈ ఉజనీ నిల్వ అంకె పంచాంగమంత అవసరం. ఆనకట్టకు దిగువన భీమానదిలో నీరు ఉంటుందా, ఇసుక మాత్రమే కనిపిస్తుందా అన్నది చాలావరకు అక్కడి నుంచి వదిలే నీటి మీద ఆధారపడి ఉంటుంది. ఆగస్టు, సెప్టెంబరు నెలలలో జలాశయం నిండి గేట్లు ఎత్తినప్పుడు, నీరా నది మీది వీర్ ఆనకట్ట నీరు కూడా తోడైతే, పండరీపురంలో నది ఒడ్డున ఉన్న ఇసుక మైదానం, అనగా మరాఠీలో వాళవంట్ అని పిలిచే చోటు, అక్కడి చిన్న గుళ్లతో సహా మునిగిపోతుంది. అప్పుడు స్నానఘట్టాలకు దిగడం ప్రాణాపాయం. ఏప్రిల్, మే నెలలలో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది, నది పాయలుగా చీలిపోతుంది. ఆషాఢ ఏకాదశికి విఠ్ఠలుని కొలిచే వార్కరీ భక్తులు లక్షలుగా పండరీపురం వస్తారు కనుక బస దొరకదు. శ్రావణ పౌర్ణమికి సోలాపూర్‌లో మార్కండేయ స్వామి రథోత్సవం ఉంటుంది కనుక పద్మశాలి ఇళ్లలో ఎవరూ ఊరు విడవరు. ఇవన్నీ తీసివేయగా దీపావళి తరువాతి రోజుల నుంచి ఫిబ్రవరి దాకా ఉన్న కాలం మిగులుతుంది, అందులోనూ కార్తిక ఏకాదశి వారాన్ని పండరీపురానికి వదిలేయాలి. చల్లని గాలి, తేటపడిన నీరు, గట్ల మీద చెరకు, జొన్న చేలు ఉండే ఆ కాలమే లోయ చూడడానికి తగినది.

శ్రోతలు మరొకసారి గుర్తుచేసుకోవాలి: ముందు నదిలో ముక్క, తరువాత బస ఊరు, ఆ తరువాత చూడవలసిన చోట్లు. ఈ క్రమంలో భీమా లోయను సోలాపూర్ వారికి వీలుగా విడదీసి చూస్తే, మొదట ఎంచుకోవలసినది మధ్య ముక్క. దీనికి బస ఊరు సోలాపూరే. గది అద్దె లేదు, రాత్రికి ఇంటికే చేరవచ్చు. నగరానికి సుమారు నలభై కిలోమీటర్ల దూరంలో హత్తర్‌సంగ్ కుడల్ అనే చోట సీనా నది వచ్చి భీమానదిలో కలుస్తుంది. రెండు నదులు కలిసే చోటును సంగమం అంటారు, అక్కడి దేవుడు సంగమేశ్వరుడు. ఆ ఆలయంలో శక సంవత్సరం 940, అనగా సామాన్య శకం 1018 నాటి శాసనం ఒకటి ఉంది. దానిని అత్యంత ప్రాచీనమైన మరాఠీ శాసనాలలో ఒకటిగా పండితులు లెక్కిస్తారు. పక్కనే ఉన్న హరిహరేశ్వరాలయంలో ఒకే శిల మీద 359 చిన్న ముఖాలు చెక్కిన శివలింగం బయటపడింది. వెయ్యేళ్ల పైబడిన ఆ రాళ్ల మధ్య కూర్చుని, ఇంటి నుంచి తెచ్చుకున్న జొన్నరొట్టె, పల్లీ చట్నీ తిని, రెండు నదుల నీళ్లు కలిసే తీరు పిల్లలకు చూపించి రావడానికి ఒక్క పగలు చాలు. ఎస్.టి. బస్సు అన్ని వేళలా ఉండదు కనుక నాలుగు కుటుంబాలు కలిసి ఒక బండి మాట్లాడుకోవడం మేలు.

అదే మధ్య ముక్కలో, ఎగువన మంగళవేఢా వైపు మాచనూర్ ఉంది. నది ఒడ్డున సిద్ధేశ్వరాలయం, దానికి ఆనుకుని మొగలుల కాలపు కోట. దక్కన్ యుద్ధాల చివరి దశలో ఔరంగజేబు 1695 నుంచి 1699 దాకా ఇక్కడి బ్రహ్మపురి దగ్గరే శిబిరం వేసుకుని ఉన్నాడు. ఢిల్లీ చక్రవర్తి దర్బారు నాలుగేళ్లు సోలాపూర్ జిల్లాలో ఒక నది గట్టు మీద నడిచిందన్న సంగతి పాఠ్యపుస్తకంలో చదివిన పిల్లవాడికంటే ఆ గట్టు మీద నిలబడిన పిల్లవాడికి ఎక్కువగా నాటుకుంటుంది.

ఎగువ ముక్కకు బస ఊరు పండరీపురం. సోలాపూర్ నుంచి రోడ్డున డెబ్భై కిలోమీటర్లకు కొంచెం పైన. రైలులో అయితే కుర్డువాడి మీదుగా వెళ్లాలి. నది అక్కడ చంద్రవంకలా వంపు తిరుగుతుంది కనుక చంద్రభాగ అనే పేరు వచ్చింది. విఠ్ఠలుని దర్శనం మొదటిరోజు సాయంత్రం చేసుకుని, రెండవ రోజు ఎగువకు, నీరా నది భీమానదిలో కలిసే నీరా నర్సింగ్‌పూర్‌కు వెళ్లి అక్కడి లక్ష్మీనృసింహుని చూసి, ఉజనీ ఆనకట్ట మీదుగా తిరిగి రావచ్చు. శీతాకాలంలో రాజహంసలు, అనగా ఎర్రరెక్కల ఫ్లెమింగో పక్షులు, వచ్చి దిగే భిగవణ్ ఇంకా పైన ఉంది. ఆ పక్షులను చూడాలంటే పొద్దు పొడిచేసరికే పడవలో ఉండాలి కనుక దానిని ఈ ముక్కలో ఇరికించక వేరే ఏడాదికి ఉంచుకోవడమే మంచిది.

దిగువ ముక్కకు వచ్చేసరికి రైలు మార్గం ప్రధానమవుతుంది. బొంబాయి నుంచి వేసిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే 1871లో రాయచూరు దాకా చేరి, మద్రాసు వైపు నుంచి వచ్చిన రైలు మార్గాన్ని అక్కడ కలుసుకుంది. సోలాపూర్ నుంచి ఆ మార్గం అక్కల్‌కోట రోడ్, దుధని, గాణగాపూర్ రోడ్, కలబురగి, వాడి, యాద్గిర్, సైదాపూర్, కృష్ణా స్టేషన్ల మీదుగా రాయచూరు చేరుతుంది. దారి పొడవునా అది భీమానదికి ఎడమగట్టు వైపునే ఉంటుంది. నది పారే దిక్కుకు ముఖం పెట్టి నిలబడితే ఎడమచేతి వైపున ఉండేది ఎడమగట్టు. అయితే రైన్ లోయలోలాగా ఈ పట్టాలు నీటి అంచున సాగవు. కిటికీలోంచి నది కనబడుతుందని ఆశపడి ఎక్కినవారికి కంది చేలూ సున్నపురాతి గనులూ కనిపిస్తాయి. స్టేషన్‌లో దిగి, పది ఇరవై కిలోమీటర్లు రోడ్డున పోతేనే నది. ఇది తెలిసి బయలుదేరితే నిరాశ ఉండదు.

గాణగాపూర్ రోడ్ స్టేషన్ నుంచి ఇరవై పైచిలుకు కిలోమీటర్ల దూరంలో దేవల గాణగాపురం. దత్తావతారంగా కొలిచే నృసింహ సరస్వతి స్వామి నిర్గుణ పాదుకలున్న మఠం అక్కడ ఉంది; అమర్జా నది వచ్చి భీమానదిలో కలిసే సంగమం ఊరికి కొంత దూరంలో ఉంది. సోలాపూర్ తెలుగు ఇళ్లలో ఆ ఊరు తెలియనివారు తక్కువ కనుక దాని గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. తెలియవలసినది దాని దిగువన ఉన్న నది. కలబురగిని బస ఊరు చేసుకుంటే, జేవర్గి వైపు పోయే దారిలో, బహమనీ సుల్తాను ఫిరోజ్ షా 1400 ప్రాంతంలో భీమా గట్టున కట్టించిన ఫిరోజాబాద్ నగర శిథిలాలు చూడవచ్చు. మరునాడంతా సన్నతికి కేటాయించాలి.

సన్నతి తెలుగువారు తప్పక చూడవలసిన చోటు. కలబురగి జిల్లా చిత్తాపూర్ తాలూకాలో, భీమానది వంపు దగ్గర, చంద్రలాంబ ఆలయ ప్రాంగణం ఉంది. 1986లో అందులోని కాళికాలయం పైకప్పు కూలింది. శిథిలాలు తొలగిస్తుండగా, దేవతా విగ్రహానికి పీఠంగా వాడిన రాతిపలక మీద అశోకుని శాసనాలు కనబడ్డాయి. సామాన్య శకానికి పూర్వం మూడవ శతాబ్దపు చక్రవర్తి మాటలు శతాబ్దాలపాటు అమ్మవారి పాదాల కింద ఉన్నాయన్నమాట. సమీపాన ఉన్న కనగనహళ్లిలో ఆ తరువాతి ఏళ్లలో పురావస్తు శాఖ తవ్వకాలు జరిపి ఒక మహాస్తూపాన్ని వెలికి తీసింది; స్తూపం అంటే బౌద్ధులు పూజించే గుమ్మటపు కట్టడం. దాని సున్నపురాతి ఫలకాలలో ఒకదాని మీద రాణులతో, పరివారంతో నిలబడిన రాజు బొమ్మ ఉంది, కింద బ్రాహ్మీలిపిలో అశోకుడని పేరు ఉంది. శాతవాహన రాజుల బొమ్మలూ పేర్లూ కూడా అక్కడ దొరికాయి. అమరావతి శిల్పాన్ని చూసినవారికి ఆ రాతి పనితనం వెంటనే పోలిక తెస్తుంది. భీమా, కృష్ణా గట్లు రెండువేల ఏళ్ల కిందటే ఒకే శిల్ప సంప్రదాయంలో ఉన్నాయనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు. యాద్గిర్ లేదా నాల్వార్ స్టేషన్‌లో దిగి రోడ్డున రావచ్చు గానీ, వృద్ధులు ఉంటే కలబురగి నుంచే బండి మాట్లాడుకోవాలి. తాగునీరు, భోజనం వెంట తెచ్చుకోవాలి.

ఇక కట్టకడపటి ముక్క. సోలాపూర్ పద్మశాలీల పూర్వీకులు పద్దెనిమిది, పంతొమ్మిదవ శతాబ్దాలలో తెలంగాణ జిల్లాల నుంచి మగ్గాలతో వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. పెళ్లిళ్లకూ చావులకూ వారి సంతతి ఇప్పటికీ హైదరాబాదు రైలెక్కుతుంది. ఆ రైలు వాడి జంక్షన్ దగ్గర, 1874లో సికింద్రాబాదు దాకా వేసిన నిజాం కాలపు మార్గంలోకి మళ్లి, భీమా దారిని విడిచిపెడుతుంది. నది మాత్రం మళ్లకుండా దక్షిణానికి సాగి, కర్ణాటక, తెలంగాణల సరిహద్దులో తంగిడి దగ్గర కృష్ణలో కలుస్తుంది. టాకళి దగ్గర సోలాపూర్ తోడుకోగా మిగిలిన నీరు ఆ సంగమం నుంచి జూరాలకు, ఆపైన నల్లగొండ సరిహద్దున నాగార్జునసాగర్‌కు పోతుంది. ఏ నేల నుంచి మగ్గాలు వచ్చాయో ఆ నేలకే ఈ నీరు పోతున్నది. పూర్వ విభాగ్‌లో పుట్టి పెరిగి, మరాఠీ బడిలో చదువుతూ, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు తాతముత్తాతల ఊరి దారి చూపించాలంటే ఈ సంగమానికి మించిన చోటు లేదు.

ఈ ముక్కకు బస ఊరు రాయచూరు. మొదటిరోజు సంగమం, రెండవరోజు నారాయణపేట. అక్కడి చీరల అంచు సోలాపూర్ మగ్గాల మీద కూడా నేస్తారు కనుక నేతవాడ వారికి అది పరాయి ఊరు కాదు. కృష్ణా పుష్కరాలు 2016లో జరిగాయి, మళ్లీ 2028లో వస్తాయి. స్నానం కోసం కాక ప్రాంతం చూడడం కోసం వెళ్లేవారు ఆ పన్నెండు రోజులూ వదిలి మరో సమయం పెట్టుకోవాలి. కృష్ణా, సైదాపూర్ వంటి చిన్న స్టేషన్లలో అన్ని ఎక్స్‌ప్రెస్ రైళ్లూ ఆగవు. అందువల్ల వెళ్లే టికెట్టు కొనడానికి ముందే తిరుగు రైలు ఎక్కడ ఆగుతుందో, ఏ వేళకు వస్తుందో సోలాపూర్ స్టేషన్‌లో విచారించి రాసుకోవాలి. తిరుగు రైలును బట్టి సంగమం దగ్గర ఎంతసేపు ఉండవచ్చో తేలుతుంది, దానిని బట్టి ఉదయం ఎన్ని గంటలకు రాయచూరులో బండి ఎక్కాలో తేలుతుంది.